పాస్‌పోర్టు మీద వచ్చిన చెట్టు, దాని కావలి

మా ఆయన వీరేశం బతికినన్నాళ్లూ రెండే కొలువులు చేశాడు. మొదటిది గుట్టలు పగలగొట్టడం. రెండోది, పగలగొట్టిన చోట ఒక చెట్టుకు కాపలా కూర్చోవడం. మొదటి పనికి ఎవరూ గుర్తింపు కార్డు ఇవ్వలేదు. రెండో పనికి మెడలో వేసుకునే నీలం పట్టీతో సహా ఇచ్చారు. గుట్టకు గుట్ట మాయమైతే అడిగినవాడు లేడు. ఆకు రాలితే మాత్రం సంజాయిషీ చెప్పాలి. మా సైబరాబాదు నీతి అంత చక్కనిది.

ఆయన పోయిన మాఘంలో కాలం చేశాడు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుపోయిందని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. ఆ తెల్లని మచ్చల ఎక్స్‌రే ఫొటో లైటు ముందు పెట్టి చూపిస్తే, ఇది రాయదుర్గం, ఇది కోకాపేట అని నేను లోపల లోపల పోల్చుకున్నాను. ఊళ్లు ఊళ్లే మింగాడు మహానుభావుడు. బయటికి ఎప్పుడూ బక్కగానే కనిపించాడు.

పుట్టింది నల్లగండ్లలో. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరూ ఏ అపార్టుమెంటు, ఎన్నో అంతస్తు అని అడుగుతారు. ఆయన పుట్టిన ఇంటికి అంతస్తు లేదు, ఒక గడప మాత్రం ఉండేది. ఇంటి వెనక నుంచి రాతి గుండ్లు మొదలయ్యేవి. ఆ గుండ్ల సందుల్లో సీతాఫలం, పరికి, బలుసు, మోదుగ, వానలు తగ్గాక తెల్లని గునుగు, పసుప్పచ్చని తంగేడు. వీటిని ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు, పేరు రాసి పలక పెట్టలేదు. అందుకే కాబోలు వాటికి విలువ లేకుండా పోయింది.

బతుకమ్మ వచ్చిందంటే మా దిక్కు ఆడవాళ్లు పేరుస్తారు, మగవాళ్లు పువ్వు తెస్తారు. ఆ పనిలో వీరేశాన్ని మించినవాడు ఊళ్లో లేడని మా అత్త బాలమ్మ చెప్పేది. పెళ్లయిన ఏడాది నేను పుట్టింట్లో ఉంటే, ఇంత గడ్డిమోపంత గునుగు నెత్తిన పెట్టుకుని మా వాకిట్లో దిగాడు. అల్లుడు పట్టుచీర తెస్తాడనుకుంటే మేత తెచ్చాడేమిటని మా వాడకట్టు ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు, సిగ్గూ పడలేదు. పువ్వు విషయంలో ఆయనకు రెండే నియమాలు. ఆడబిడ్డ పువ్వు అడిగితే లేదనకూడదు. బతుకమ్మ కోసం ఎవరి చెలకలో తెంపినా దాన్ని దొంగతనం అనకూడదు. ఇవి ఆయన కనిపెట్టినవి కావు, మా ఊరందరివీ. ఊరు పోయింది, నియమాలు ఈయన దగ్గర మిగిలాయి. పనికిరాని సామాను ఎవరో ఒకరింట్లో మిగులుతుంది కదా.

తర్వాత కంపెనీలు వచ్చాయి. వాటికి చదును నేల కావాలి. వీరేశం కంప్రెషర్ పనికి కుదిరాడు. గుండుకు బెజ్జం పెట్టడం, మందు దట్టించడం, ఎర్ర జెండా ఊపి అందరినీ దూరం పంపడం. ఆ బెజ్జంలోంచి లేచే దుమ్ముకు ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు. ఆ తువ్వాలు నేను ఉతికితే బకెట్టు అడుగున సిమెంటులాంటి మడ్డి దిగేది. అక్కడ తంగేడు ఉండేది కదా అని ఒకసారి అడిగాను. నాలుగు పొదలకోసం గుట్ట ఆగుతదా అన్నాడు. ఆగలేదు మరి. ఆయనే ఆగాడు. దమ్ము, అదే ఆయాసం, మొదలై, మేస్త్రీ ఇక వద్దు పొమ్మన్నాడు.

అప్పుడు దొరికింది రెండో కొలువు. రాయదుర్గంలో మెట్రో దిగి నడిచేంత దూరంలో ఒక పెద్ద కంపెనీ ఉంది. దాని పేరు ఎందుకులెండి, అన్నీ ఒకేలాంటి అద్దాలే. ఆ అద్దాల కింద ఉన్న బండను బెజ్జం పెట్టి పేల్చింది మా ఆయనే. బండ పోయాక, పచ్చదనం లేదని పైవాళ్లు చింతించారు. చింతించి చింతించి ప్రపంచంలోనే అరుదైన చెట్టును తెచ్చి పెట్టాలని తీర్మానించారు. అరుదైనది ఇక్కడ ఎలా దొరుకుతుంది, ఉన్నవన్నీ పీకేశాం కదా. అందుకని ఆస్ట్రేలియా నుంచి తెప్పించారు.

ఆ చెట్టు పేరు బోర్డు మీద మూరెడు పొడవున రాశారు, నోరు తిరగదు. మా ఆయన ఆకు వాసన చూసి, నీలగిరేగా అన్నాడు. నిజమే, నీలగిరే. మా దగ్గర నీలగిరి అంటే స్లాబులకింద నిలబెట్టే సెంట్రింగు కట్టె. ఆ కట్టెలు మోయని టవరు ఈ హైటెక్ సిటీలో లేదు. కానీ ఇది వాటికి దూరపు చుట్టమట, బాగా ఉన్నవాళ్ల పిల్లట. దాని సొంత దేశంలోనే ఏదో ఒక రాతి గుట్ట మీద గుప్పెడు చెట్లు మిగిలాయట. పొట్టి జాతి, మనిషి చేతికి అందేంతే పెరుగుతుందట.

అక్కడి పనులన్నీ చూసే మేనేజరు బుల్లిబాబు గారిది అమలాపురం వైపు. ఆయన మా ఆయనను మొదటి రోజే చెట్టు ముందు నిలబెట్టి చెప్పాడట.

"ఇది మొక్క కాదయ్యా వీరేశం. పాస్‌పోర్టు మీద వచ్చిన మనిషనుకో."

"మనిషైతే ఇన్ని నీళ్లు తాగడు సార్," అన్నాడట ఈయన. బుల్లిబాబు గారు నవ్వాడట. నవ్వే మనిషే పాపం, ముప్పు రానంతవరకు.

చెట్టుకు పుట్టిల్లు గుర్తు రావాలి కదా. అందుకని దాని గుట్టలాంటి గుట్టను కట్టాలన్నారు. చేవెళ్ల అవతలి నుంచి లారీల్లో గుండ్లు దించారు. ఏ గుండు పక్కన ఏ గుండు ఉండాలో బెంగుళూరు నుంచి వచ్చిన ఒక డిజైనరమ్మ గొడుగు కింద నిలబడి చెప్పింది. ఉన్న గుట్టను పేల్చి, లేని గుట్టను పేర్చి, దానికి సహజ ఆవాసం అని పేరు పెట్టారు. మా ఆయన ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగి నేను వీపు నిమరాల్సి వచ్చింది.

ఐదారేళ్లు ఆ చెట్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చెట్టు గురించి ఆయనకు ఏమీ తెలియదు, తెలిసినట్టు నటించనూ లేదు. ఎప్పుడు నీళ్లు పెట్టాలో గోడ మీది మిషను చూసుకునేది. ఈయన పని మనుషులను చూసుకోవడం. స్వచ్ఛమైన గాలి పీల్చడానికి అక్కడికి వచ్చి సిగరెట్టు వెలిగించేవాళ్లను లేపడం, గుండ్లెక్కి ఫొటో దిగేవాళ్లను దించడం. ఒక కెమెరా కూడా పెట్టారు. అది మాత్రం చెట్టు పేరు చెక్కిన ఇత్తడి పలక వైపు తిరిగి ఉండేది, పలకను ఎవరైనా ఎత్తుకుపోతారని. చెట్టును ఎవరెత్తుకుపోతారు?

మొదట్లో చెట్టును ఎగతాళి చేసినవాడే మెల్లగా దాని మీద ఆశ పెట్టుకున్నాడు. ఎన్ని చెట్లను మందుపెట్టి లేపామో, ఒక్కదానికైనా కాయ పట్టి గింజ రాలేదాకా చూడాలి అనేవాడు. దొరల ఇంటి పిల్లను పెంచిన దాది ఆ పిల్ల పెళ్లి కోసం చూసినట్టు చూశాడు. పైగా బుల్లిబాబు గారు మాటిచ్చాడు. గింజ పట్టిన రోజు కాంట్రాక్టు తీసేసి కంపెనీ మనిషిని చేయిస్తానని, అప్పుడు పెద్ద దవాఖానలో ఆయన దమ్ముకు మందు కంపెనీయే ఇప్పిస్తుందని. చెట్టు కాయ మీద మా ఇంటి ఊపిరి ఆధారపడింది. అరుదైన ఏర్పాటు.

రెండేళ్ల కిందట, భాద్రపదం చివర, చెట్టు మొగ్గ వేసింది. మొగ్గ మీద చిన్న మూత ఉంటుందట. మూత ఊడి పడితే లోపల పసుప్పచ్చని కుచ్చు. ఆయన వచ్చి చెబుతుంటే మా ఇంట్లో ఎవరో పెద్దమనిషైనంత సంబరం. కంపెనీలో అంతకన్నా సంబరం. ఆ దేశంనుంచి చెట్ల చదువు చదివిన పెద్దామె వస్తుందన్నారు. ఆమె పువ్వులను చూసి, వాటికి సంచులు కట్టి, గింజ పట్టేదాకా కనిపెట్టి ఉండమని చెబుతుందట. ఆమె వచ్చే ముందు రోజు ఆఫీసులో బతుకమ్మ పెట్టుకున్నారు. ముహూర్తం చూసిందెవరో గాని, తాటికాయంత బుర్ర.

ఆఫీసు బతుకమ్మ గురించి మీకు తెలియకపోతే చెబుతాను. జట్లు జట్లుగా పేరుస్తారు, మార్కులు వేస్తారు, పాట స్పీకర్లో వస్తుంది, చివర లాబీలో ప్లాస్టిక్ తొట్టిలో వదులుతారు. ఉద్యోగుల సంగతులు చూసే ప్రశాంతి మేడం ఆ ఏడు స్థానిక పువ్వులకు ప్రత్యేక బహుమతి అని ప్రకటించింది. స్థానికమైనది ఆ చుట్టుపక్కల ఎక్కడా మిగలలేదన్నది ఆమెకు ఎవరూ మెయిలు పెట్టినట్టు లేదు. అందరూ మార్కెట్టుకు పోయి బంతి, చామంతి తెచ్చుకున్నారు.

ఒక అమ్మాయి మాత్రం మా ఆయన దగ్గరికి వచ్చింది. ఆమెను రసజ్ఞ అనుకుందాం. అసలు పేరు అది కాదు, ఆయన చెప్పనిది నేను చెబుతానా? కొత్తగా చేరిన పిల్ల, కొలువు ఇంకా ఖాయం కాలేదు. సిద్దిపేట అవతల ఏదో ఊరు. తంగేడు లేకుండా పేర్చవద్దని వాళ్లమ్మ ఫోన్లో గట్టిగా చెప్పిందట.

"అన్నా, తంగేడు యాడనన్న దొరుకుతదా? రెండు కొమ్మలు చాలు," అని అడిగింది.

ఆడబిడ్డ పువ్వు అడిగింది. ఇగ ఆయన్ను ఆపేదెవరు? "ఫికర్ చెయ్యకు బిడ్డా, రేపు పొద్దుగాల తెస్త," అన్నాడు.

పొద్దున్నే బయలుదేరాడు. నల్లగండ్లలో లేదు. కోకాపేటలో టవర్ల మధ్య గుండ్రంగా కత్తిరించిన చెట్లున్నాయి, తంగేడు లేదు. ఔటర్ దాటి శంకర్‌పల్లి రోడ్డు పట్టాడు. ఎవరో ప్లాట్లు చేసి అమ్ముడుపోక వదిలేసిన జాగాలో, రాళ్లు పాతిన హద్దుల మధ్య, విరగబూసిన తంగేడు కనిపించిందట. రియల్ ఎస్టేటు పడిపోతే పువ్వు లేస్తుంది. మోపు కట్టుకుని రెండు బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తన స్టూలు దగ్గర చూస్తుండమని గేటు దగ్గరి మోషేకు చెప్పి పోయాడు గాని, మోషేకు తన గేటే చాలు. పండుగని ఆ రోజు లోపలికి వచ్చే డీజే సామాను, తాంబాలాలు, చుట్టాలు.

వచ్చి చూస్తే చెట్టు బోడిగా నిలబడి ఉంది. చేతికందే కొమ్మల్లో ఒక్క కుచ్చు లేదు.

ఆయన మోపుతో అట్లాగే లాబీలోకి పోయాడు. పేర్చిన బతుకమ్మలు వరసగా ఉన్నాయి. రసజ్ఞ జట్టు బతుకమ్మలో, గుమ్మడిపువ్వు కింద, చుట్టూరా ఆ పసుప్పచ్చని కుచ్చులు. దాన్ని చూడగానే తెలిసిపోయింది. ఆ పిల్ల నవ్వుతూ ఎదురొచ్చింది. అన్న ఎంతకూ రాకపోయేసరికి వెతుక్కుంటూ చెట్టు దగ్గరికి పోయిందట. గుండ్ల మధ్య పొట్టి చెట్టు, పచ్చని పువ్వు. ఊళ్లో గుట్టమీద చూసినట్టే ఉంది కదా, అన్న చెప్పిన తంగేడు ఇదేనేమో, ఈ నగరంలో ఇట్లాంటి జాతి ఉంటుందేమో అనుకుందట. పసిపిల్లను తప్పుపట్టలేం. అంత బాగా పేర్చారు ఆ గుట్టను.

ఈయన ముఖం చూసి ఆమెకు అర్థమైంది. ఈయన తంగేడు మోపు ఆమె ముందు దించి, ఇది కింది వరసకు పెట్టుకో బిడ్డా, పాడుకో పో అన్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని మాత్రం అన్నాడు.

బహుమతి సంగతి మరిచిపోయాను. స్థానిక పువ్వుల బహుమతి రసజ్ఞ జట్టుకే వచ్చింది. న్యాయనిర్ణేత బుల్లిబాబు గారు. ఆ పచ్చని కుచ్చును వేలితో చూపించి, అచ్చమైన మట్టి పరిమళమండీ అని మైకులో మెచ్చుకున్నాడు. పక్కన ప్రశాంతి మేడం, పట్టుచీరలో, చప్పట్లు. ఫొటో తీశారు. సాయంత్రానికి అన్నీ తొట్టిలో తేలాయి, రాత్రికి చెత్తబండిలో పోయాయి.

మర్నాడు చెట్టు బోడితనం బయటపడింది. విదేశీ పెద్దామె విమానం దిగి హోటల్లో కాఫీ తాగుతున్న వేళకు మా ఆయనను పైకి పిలిచారు. బుల్లిబాబు గారు, ప్రశాంతి మేడం ఇద్దరే ఉన్నారట. ఈ మాటలన్నీ ఆయన నాకు ఆ సాయంత్రమే చెప్పాడు, ఒక్కటి పొల్లు పోకుండా.

"నువ్వు తెంపలేదని నాకూ తెలుసయ్యా," అన్నాడట బుల్లిబాబు గారు. "ఎవరో ఒకరి పేరు చెప్పు. చెప్పేసి పోయి నీ స్టూలు మీద నువ్వు కూర్చో."

"తెల్వదంటే అబద్ధమైతది సార్. తెల్సు. చెప్ప."

"నీ కొలువు పోతుందయ్యా."

"బతుకమ్మకు పువ్వు తెంపిన ఆడబిడ్డను మా తాన దొంగ అనరు సార్. పేరు జెప్తె నేను దొంగ అన్నట్టే."

ప్రశాంతి మేడం, సంస్కృతి వేరు పాలసీ వేరు అని ఏదో మొదలుపెట్టిందట. ముందురోజు మైకులో సంస్కృతే మన పాలసీ అన్నది ఆమే. కానీ బుల్లిబాబు గారు ఆమెను చేత్తో ఆపాడు. బతుకమ్మ అన్న మాట ఆయన చెవిలో పడి లోపలికి దిగుతోంది. మెల్లగా జేబులోంచి ఫోను తీశాడు. బహుమతి ఫొటో పెద్దది చేసి చూశాడు. ఆ కుచ్చు, దాని మీద తన వేలు. ఫోను మేడం వైపు తిప్పాడు. ఇద్దరూ కాసేపు గోడ మీది గడియారం చూశారట.

ఆ తర్వాత పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇంకా అడుగుతాడేమో, ఇంకా చెప్పకుండా ఉండాలేమో అని మా ఆయన పళ్లు బిగించుకుని నిలబడితే, అడిగేవాళ్లే మాట మార్చారు. అసలు నేరం పువ్వు తెంపడం కాదట, కావలివాడు స్టూలు వదిలిపోవడమట. అది నిజమే కదా సార్ అని ఈయన కూడా ఒప్పుకున్నాడు. దోషి ఇంత సహకరిస్తే విచారణ ఎంతసేపు పడుతుంది? నీలం పట్టీ తీసి బల్ల మీద పెట్టి వచ్చాడు. గింజ పోయింది, ఖాయం కొలువు పోయింది, పెద్ద దవాఖాన పోయింది. ఆ రాత్రి అన్నంలో చేయి పెట్టి, ఆ పిల్ల భయపడి ఉంటది పాపం అన్నాడు. నా సంగతి మాత్రం అడగలేదు. అడగకపోయినా పరవాలేదనుకునేంత దగ్గరితనం ఒకటి ఉంటుంది లెండి.

ఆ రోజు మధ్యాహ్నమే పెద్దామె వచ్చి చెట్టును చూసిందట. ఈ సంగతి తర్వాత మోషే వచ్చి చెప్పాడు. పువ్వులు పురుగు తినేసిందని ఆమెకు చెప్పారట. ఆమె పెద్దగా బాధపడలేదట. ఒంటరి చెట్టుకు తన పుప్పొడి తనకే పడితే గట్టి గింజ పట్టడం అరుదు, జోడు చెట్టును ఎందుకు పెట్టలేదు అని అడిగిందట. బుల్లిబాబు గారి జవాబు మోషే చెబుతుంటే నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. రెండోది పెడితే ఇక ఇది అరుదెలా అవుతుంది మేడం అన్నాడట.

అంటే తెంపకపోయినా ఆ పువ్వులు గట్టి గింజ ఇచ్చేవి కావేమో. మా ఆయన కొలువు పోగొట్టుకున్నది రాని గింజ కోసం. ఆ మాట తెలిశాక తిరిగి పిలుస్తారేమోనని నేను వెర్రిగా ఎదురుచూశాను. తీసేసినట్టు కంప్యూటర్లో ఎక్కిందట, ఎక్కింది దిగదట. పిలుపు రాలేదు గాని ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. మా సంస్థలో పని చేయమని మీ బంధుమిత్రులకు సిఫారసు చేస్తారా, చుక్కలు నొక్కండి అని. మోషే చదివి వినిపిస్తే ఈయన ఐదు చుక్కలూ నొక్కించాడు. నీడ మంచిగుంటది అన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఇంట్లోనే ఉన్నాడు. సర్కారు దవాఖాన, గొలుసు కట్టిన ఆక్సిజన్ సిలిండరు, వాకిట్లో నులక మంచం. నీలగిరి తైలం వేడినీళ్లలో వేసి ఆవిరి పట్టమని ఇరుగుపొరుగు చెబితే పట్టాను. ఆ వాసనకు ఆయన కళ్లు మూసుకుని, ఇదైతే దొరకని జాతి గాదు గదా అని అడిగాడు. కాదన్నాను. మాఘమాసంలో ఒక తెల్లవారుజామున దగ్గు ఆగింది. నేను సంతోషపడ్డాను, ఒక్క క్షణం.

పదకొండో రోజు అయిపోయి చుట్టాలు వెళ్లాక ఒక అమ్మాయి చెప్పులు బయట విడిచి గడపలో నిలబడింది. నేను ఎప్పుడూ చూడలేదు, అయినా ఎవరో తెలిసింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అక్కా, నేను రేపు పోయి చెప్పేస్త," అంది. "నేనే తెంపిన అని. అప్పుడే చెప్పాల్సింది. అన్న వద్దన్నడు. నాకు నిద్ర పడ్తలేదు."

"చెప్తే ఏమైతది?"

"నన్ను తీసేస్తరు."

"ఆయన తిరిగొస్తడా?"

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఈ పిల్ల రెండు కొమ్మల తంగేడు అడగకపోతే అని ఆ సంవత్సరమంతా ఎన్నిసార్లు అనుకున్నానో దేవుడికి తెలుసు. కానీ మా ఆయన పోతూ పోతూ ఏమీ మిగల్చలేదు, ఇల్లు లేదు, జాగా లేదు. ఆయన మిగిల్చింది ఈ పిల్ల కొలువొక్కటే. అది నా కళ్లముందు నిలబడి ఏడుస్తోంది.

"ఇను చెల్లె," అన్నాను. "నీ పేరు నోట్లనే పెట్టుకొని పోయిండు నా మొగడు. నువ్వు బోయి దాన్ని ఆళ్ల ముంగట పారేసి రాకు. పని మంచిగ జేస్కో. లోపటికి రా, అన్నం తిని పో."

వచ్చింది. తిన్నది. ఆ కొలువు ఖాయమైందని మొన్న మోషే చెప్పాడు.

చెట్టు సంగతి కూడా చెప్పాడు. మళ్లీ మొగ్గ వేసిందట. ఈసారి కంపెనీవాళ్లు గట్టి జాగ్రత్త తీసుకున్నారట. చుట్టూ ఇనుప కంచె, ఇద్దరు కావలివాళ్లు, చెట్టు మీద నుంచి కింద దాకా సన్నని వల. మనిషి చేతికే కాదు, తేనెటీగకు కూడా లోపలికి దారి లేదట. అట్లా బిగించి, గింజ ఎప్పుడు పడుతుందా అని అందరూ అద్దాల వెనక నుంచి చూస్తున్నారట.